ఎన్ని వోల్టులు? ఎన్ని ఆంపియర్లు?

కోఠీకి ఎందుకు వెళ్తారని హైదరాబాదులో ఏ ఇంట్లోనైనా అడిగి చూడండి. ఒక్కొక్కరు ఒక్కో సమాధానం చెబుతారు. చీరలకని అమ్మ, పాత పాఠ్యపుస్తకాలకని పిల్లలు, కుళాయిలకో స్విచ్చులకో ట్రూప్ బజారుకని నాన్న, పనంతా అయ్యాక గోకుల్ చాట్‌కని అందరూ! వీళ్లెవరూ చెప్పని సందు ఒకటుంది అక్కడ. దాని పేరు గుజరాతీ గల్లీ. ఆ సందులోకి వెళ్లేవాళ్ల చేతిలో సంచీ ఉన్నా లేకపోయినా చీటీ మాత్రం ఉంటుంది. అందులో ఉప్పూ పప్పూ ఉండవు... ఓములు, మైక్రోఫారడ్‌లు, వోల్టులు ఉంటాయి.

ఈమధ్య అలాంటి చీటీ ఒకటి పట్టుకుని, మా మేనకోడలి వెంట ఒక రోజంతా ఆ సందులో తిరిగాను. చార్మినార్‌నీ గోల్కొండనీ చూసినంత ఆసక్తిగా చూడాల్సిన చోటే అది!

రెండు బోర్డులు కాలిపోయాక...

మా మేనకోడలు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ఆఖరి సంవత్సరం చదువుతోంది. ట్యాంకు నిండగానే నీళ్ల మోటారు దానంతటదే ఆగిపోయే పరికరం ఆమె ప్రాజెక్టు. 5 వోల్టులతో పనిచేసే చిన్న బోర్డు, దానిమీద మోటారును ఆపే రిలే... అంతే. కానీ పరీక్షకు పది రోజులుందనగా రెండో బోర్డు కూడా కాలిపోయింది. మా బావగారిది చిన్న కిరాణా కొట్టు. ‘ఇంకొక్కటి కొనిస్తాను. అదీ కాలిపోతే నేనేం చెయ్యలేనమ్మా’ అన్నారాయన మెల్లగా. ఆ మాటలో కోపం లేదు. అందుకే ఆ పిల్లకు మరీ కష్టమనిపించింది.

బోర్డు ఎందుకు కాలింది? ఇంట్లో ఏదో పాత ఫోనుది ఎడాప్టరు పడి ఉంటే, దానికి వైర్లు కోసి పెట్టింది. దానిమీద 6 వోల్టులని రాసి ఉంది. ‘ఒక్క వోల్టు తేడాకు ఏమవుతుందిలే’ అనుకుంది. తరవాత మల్టీమీటరు పెట్టి చూస్తే తొమ్మిది పైన చూపించింది. లోపల నియంత్రణ లేని పాతరకం ఎడాప్టర్లన్నీ అంతే. లోడు లేనప్పుడు రాసినదానికన్నా చాలా ఎక్కువ ఇస్తాయి. పైగా బోర్డులో ఎక్కడైనా షార్ట్ ఉంటే ఆపే దిక్కుండదు. ఇవ్వగలిగినంత కరెంటూ ఇచ్చేస్తాయి.

మూడో బోర్డు పెట్టేముందు తనకు కావలసింది ఒక నమ్మకమైన ‘పవర్ సప్లై’ అని ఆమెకు అర్థమైంది. కావలసినన్ని వోల్టులు తిప్పి పెట్టుకోవాలి. ఇంతకుమించి కరెంటు వెళ్లకూడదని ముందే చెప్పి ఉంచాలి. ప్రయోగశాలల్లో బల్లమీద ఉండే పెట్టె అది. రెడీమేడ్‌ది కొనాలంటే నాలుగైదు వేలు. ‘నేనే చేసుకుంటాను మామయ్యా, సామాను కొనడానికి తోడొస్తావా?’ అంది. సరేనన్నాను.

ఎలిమినేటర్‌కి అన్నయ్య

పవర్ సప్లై అంటే కంగారుపడకండి. 80ల్లో, 90ల్లో పెరిగినవారికి ‘బ్యాటరీ ఎలిమినేటర్’ గుర్తుండే ఉంటుంది. రేడియోకో టేప్‌రికార్డర్‌కో సెల్లులు కొనే బాధ లేకుండా ప్లగ్గులో పెట్టేవాళ్లం. పక్కన చిన్న స్విచ్చు... 3, 4.5, 6, 9, 12 అని అంకెలు. పొరపాటున 12 దగ్గర పెడితే ఇంట్లో పెద్దల చేత చివాట్లు! ఈ పెట్టె దానికి అన్నయ్యలాంటిది. ఎలిమినేటర్ గెంతుతూ పోయే చోట ఇది మెల్లగా నడుస్తుంది. 3.3 కావాలన్నా, 7.8 కావాలన్నా నాబ్ తిప్పితే చాలు. లోడు పెరిగినా తగ్గినా పెట్టిన వోల్టేజీ దగ్గరే నిలబడుతుంది.

సందులోకి దారి

మెట్రో గ్రీన్ లైన్‌లో సుల్తాన్ బజార్ స్టేషన్‌లో దిగితే కోఠీ నడిచే దూరమే. 2020 ఫిబ్రవరిలో ఆ స్టేషన్ తెరిచాక బస్సుల కోసం పడిగాపులు తప్పాయి. ఈ ప్రాంతానికి కోఠీ అన్న పేరు తెచ్చిన పెద్ద భవనం బ్రిటిష్ రెసిడెన్సీ. కర్క్‌పాట్రిక్ అనే రెసిడెంటు 19వ శతాబ్దం తొలినాళ్లలో కట్టించాడు. తరవాత అదే మహిళా కళాశాల, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు పెట్టుకున్న మహిళా విశ్వవిద్యాలయం. అటు చదువులు, ఇటు బజార్లు... మధ్యలో బ్యాంక్ స్ట్రీట్. ఆ దరిదాపుల్లోనే గుజరాతీ గల్లీ.

ఎలక్ట్రానిక్స్ అనే మాట ఈ నగరానికి కొత్త కాదు. 1967లో ఈసీఐఎల్ పుట్టింది ఇక్కడే. దాన్ని నిలబెట్టిన ఎ.ఎస్.రావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన మనవాడే. ఆయన పేరుమీదే ఏఎస్ రావు నగర్ వెలిసింది. ఒకప్పుడు మన ఇళ్లలో దూరదర్శన్ చూపించిన ఈసీ టీవీలు తయారైందీ అక్కడే. ఆ సంస్థ రాకెట్లకూ అణు విద్యుత్ కేంద్రాలకూ పరికరాలు చేస్తే, ఈ గల్లీ మామూలు మనుషుల రేడియోలకూ రిమోట్లకూ కాలేజీ ప్రాజెక్టులకూ విడిభాగాలు అందిస్తూ వచ్చింది.

గల్లీలోకి అడుగుపెడితే ముందు కనిపించేది వైర్లు. ఎరుపు, నలుపు, పసుపు చుట్టలు గుమ్మాలకు వేలాడుతుంటాయి. వాటి వెనక గోడ పొడుగునా చిన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలు. ఒక్కో డబ్బాలో ఒక్కో విలువ రెసిస్టర్లు, కెపాసిటర్లు, డయోడ్‌లు. మన తాతలనాటి ఆయుర్వేదం అంగడిలో మూలికల అరలు గుర్తొస్తాయి. అయితే ఇక్కడ మూలికకు పేరుండదు, నంబరుంటుంది. ‘నాలుగు వేల ఏడూ ఇవ్వండి’ అంటే ‘1ఎన్4007’ డయోడ్ అని అందరికీ తెలుసు! గల్లీ పేరు గుజరాతీ, బేరం మాత్రం హైదరాబాదీలో. ‘క్యా హోనా?’ అని మొదలై, మన ముఖం చూసి తెలుగులోకి తిరుగుతుంది.

మొదటి ప్రశ్న

మొదట ట్రాన్స్‌ఫార్మర్ల కొట్టు. గాజు బల్ల వెనక ఓ పెద్దాయన కూర్చుని ఉన్నారు.

‘ఎన్ని వోల్టులమ్మా?’

‘పదిహేను అంకుల్.’

‘ఎన్ని ఆంపియర్లు?’

‘ఒకటి చాలు.’

ఆయన ట్రాన్స్‌ఫార్మర్ తియ్యలేదు. ‘ఆ ఒకటి బయటికొచ్చే డీసీలోనా, దీన్నుంచి వచ్చే ఏసీలోనా?’ అన్నారు. మా అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, ‘డీసీలో’ అంది. ‘అయితే రెండు ఆంపియర్లది పట్టుకుపో’ అంటూ బరువైన ఇనప దిమ్మ ఒకటి బల్లమీద పెట్టారు.

ఎందుకలా? ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టుల్ని 15కి దించుతుంది. నాలుగు డయోడ్‌ల బ్రిడ్జి ఆ ఏసీని ఒకే దిక్కుకు మళ్లిస్తుంది. ఆ తరవాత 4700 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ దాన్ని నిలవ చేస్తుంది, కుళాయికీ వాడకానికీ మధ్య నీళ్ల ట్యాంకులాగా. కానీ కెపాసిటర్ కరెంటును రోజంతా ధారలా తీసుకోదు. అల శిఖరానికి చేరిన ఆ కాసేపట్లోనే గబగబా లాగేస్తుంది. ఆ గుక్కల వల్ల ట్రాన్స్‌ఫార్మర్ మామూలుకన్నా ఎక్కువ వేడెక్కుతుంది. అందుకే డీసీలో ఆంపియర్ కావాలంటే ట్రాన్స్‌ఫార్మర్ రెండింటికి దగ్గరగా ఉండాలి. పెద్దాయన ఇదంతా చెప్పలేదు. ప్రశ్న మాత్రం వేశారు. లెక్క ఆ అమ్మాయి గల్లీ చివర టీ తాగుతూ నాకు చెప్పింది.

ఇంకో లెక్కా అక్కడే తేలింది. ఏసీ 15 వోల్టులంటే దాని శిఖరం 1.414 రెట్లు... 21 పైచిలుకు. బ్రిడ్జిలో ఒకటిన్నర పోగా దాదాపు 20 మిగులుతుంది. లోడు లేనప్పుడు, పైగా కరెంటాఫీసు వాళ్ల దయవల్ల వోల్టేజీ ఎక్కువున్న రోజున ఇది 24 దాకా వెళ్లొచ్చు. కాబట్టి కెపాసిటర్ 25 వోల్టులది కాదు, 35 వోల్టులది కొనాలి. తేడా కొద్ది రూపాయలే. ఆ కొద్ది రూపాయలకు ఆశపడితే కెపాసిటర్ ఉబ్బి పగిలే ప్రమాదం!

యాభై ఏళ్ల మూడు కాళ్లు

రెండో కొట్టులో కుర్రాడు అడగ్గానే రెండు ఐసీలు తీసిచ్చాడు. ఎల్ఎం317. వేలి గోరంత నల్ల దిమ్మ, వెనక లోహపు రేకు, మూడే కాళ్లు. అమెరికాలోని నేషనల్ సెమీకండక్టర్ కంపెనీలో రాబర్ట్ డాబ్‌కిన్ దీన్ని 1976లో రూపొందించాడు. ఆ కంపెనీ 2011లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో కలిసిపోయింది. ఈ ఐసీ మాత్రం ఇంకా తయారవుతూనే ఉంది. అరచేతిలో ఫోనే ఆరు నెలలకు పాతబడే కాలంలో, అయిదు దశాబ్దాల నాటి వస్తువు ఇరవై రూపాయలకు దొరకడం వింతే కదూ!

దీని పని ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. బయటికిచ్చే కాలికీ, ‘సర్దుబాటు’ కాలికీ మధ్య ఎప్పుడూ 1.25 వోల్టులు ఉండేలా చూసుకుంటుంది. ఆ రెండింటి మధ్య 220 ఓముల రెసిస్టర్ పెట్టి, సర్దుబాటు కాలినుంచి భూమికి 2.2 కిలోఓముల పాట్... అదే, రేడియోలో వాల్యూమ్ తిప్పే నాబ్ వెనక ఉండేది... పెడితే సరి. పాట్ సున్నా దగ్గర ఉంటే 1.25 వోల్టులు. పూర్తిగా తిప్పితే 220కి పదింతలు కనుక 1.25ని పదకొండుతో హెచ్చవేయాలి... 13.75. లోపల కొంత ఖర్చవుతుంది కనుక పూర్తి ఆంపియర్ లాగుతున్నప్పుడు 12 దాకా నమ్మొచ్చు. కాలేజీ ప్రాజెక్టుకు అంతకన్నా ఎందుకు?

మరి రెండో ఐసీ ఎందుకు? అక్కడే ఉంది అసలు విషయం. అదే ఎల్ఎం317ని ఇంకోలా కలిపితే వోల్టులకు బదులు ఆంపియర్లకు కాపలా కాస్తుంది. 1.25ని ఓములతో భాగిస్తే ఎంతొస్తే అంత కరెంటే పోనిస్తుంది. 12 ఓములు పెడితే ఆంపియర్‌లో పదోవంతు. పక్కన ఓ స్విచ్చు ద్వారా 1.2 ఓముల రెసిస్టర్ కూడా కలిపితే సుమారు 1.1 ఆంపియర్లు. కొత్త బోర్డును మొదటిసారి పరీక్షించేటప్పుడు చిన్న హద్దు. అంతా సరిగ్గా ఉందని తేలాక పెద్ద హద్దు. ఇక్కడ కూడా కుర్రాడో ప్రశ్న వేశాడు. ‘1.2 ఓమ్... కిత్‌నే వాట్?’ ఒక వాట్ పైన వేడి పుట్టే రెసిస్టర్‌కి మామూలు పావు వాట్‌ది పెడితే మాడిపోతుంది. 5 వాట్‌ల తెల్ల పింగాణీది తీసుకున్నాం.

వేడి ఎక్కడికి పోవాలి?

మూడో మజిలీ అల్యూమినియం హీట్‌సింక్‌ల కొట్టు. రెక్కల దువ్వెనల్లాంటి పొడుగాటి బద్దీలు. కావలసినంత కోసిస్తారు.

బయట 5 వోల్టులే వాడుకుంటున్నప్పుడు లోపలున్న 18, 19 వోల్టుల్లో మిగతాదంతా ఏమైనట్టు? వేడిగా మారిపోతుంది. ఆంపియర్ కరెంటులో అది రెండు ఐసీల మీదా కలిపి 13, 14 వాట్లు. మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లని గుర్తుపెట్టుకుంటే, అందులో సగం వేడి ఈ పెట్టెలో పుడుతోందన్నమాట! అందుకే అరచేయంత వెడల్పు రెక్కలు కావాలి, పెట్టెకు గాలి రంధ్రాలూ కావాలి. ఇంకో మెలిక... ఈ ఐసీ వెనక రేకు దాని అవుట్‌పుట్ కాలితో కలిసి ఉంటుంది. రెండింటినీ ఒకే అల్యూమినియానికి నేరుగా బిగిస్తే ఒకదానికొకటి షార్ట్ అవుతాయి. మధ్యలో మైకా బిళ్ల, స్క్రూకి ప్లాస్టిక్ బుష్, తెల్లటి పేస్టు... మూడూ మరిచిపోకూడదు. ఇక్కడా కొట్టాయన తనే అడిగి పొట్లంలో వేశాడు.

పెట్టె, వోల్టులూ ఆంపియర్లూ రెండూ చూపే చిన్న మీటరు, ఎరుపు నలుపు టెర్మినళ్లు, మొసలి క్లిప్పులు, ఫ్యూజు, మూడు పిన్నుల త్రాడు... అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. మొత్తం పదమూడు వందల చిల్లర. రెడీమేడ్ ధరలో మూడో వంతు.

అప్పుడు గల్లీలో ఓసారి నిలబడి చూశాను. కొన్ని కొట్లలో విడిభాగాల డబ్బాలు వెనక్కి జరిగాయి. ముందు వరసలో సీసీ కెమెరాలు, ఎల్ఈడీ పట్టీలు, ఫోను చార్జర్లు. ‘ఇప్పుడు ఎవరు రిపేరు చేస్తున్నారండీ? పాడైతే పారేస్తున్నారు. కాలేజీ పిల్లలు కూడా ఫోన్లోనే తెప్పించుకుంటున్నారు’ అన్నాడొకాయన. నిజమే. ఫోనులో ధర ఒక్కోసారి తక్కువే. కానీ అక్కడ ఎవరూ ‘డీసీలోనా, ఏసీలోనా’ అని అడగరు. తప్పు ట్రాన్స్‌ఫార్మర్ అయినా సరే, డబ్బు కట్టిన మరుక్షణం బయల్దేరుతుంది!

పది రోజుల్లో నాలుగో రోజు

ఇంట్లో బిగించడానికి మూడు సాయంత్రాలు పట్టింది. 230 వోల్టుల వైపు పని మాత్రం ఆ వీధిలో టీవీలు బాగుచేసే మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చేసింది. ఫేజు వైర్లో ఫ్యూజు, కొసలన్నింటికీ తొడుగులు, లోహపు పెట్టెకు తప్పనిసరిగా ఎర్త్. ఈ మూడింట్లో ఏది లేకపోయినా ఆ పెట్టె ముట్టుకోవద్దు. ప్లగ్గు తీసేశాక కూడా కెపాసిటర్‌లో కాసేపు చార్జి ఉంటుంది. తొందరపడి వేలు పెట్టకూడదు. మొదటిసారి స్విచ్చు వేసేటప్పుడు మెకానిక్ తన సిరీస్ బల్బు తెచ్చాడు. లోపల షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, పెట్టె బతికిపోతుంది. బల్బు ఒక్కసారి మిణుకుమని ఆరిపోయింది. మీటరు మీద 1.25 వచ్చింది. నాబ్ తిప్పితే 3, 5, 9... మెల్లగా పైకి పాకింది.

నాలుగో రోజు మూడో బోర్డు. 5 వోల్టులు పెట్టి, చిన్న హద్దు స్విచ్చు చూసుకుని క్లిప్పులు తగిలించింది. 5 ఉన్న అంకె దబ్బున సున్నా దగ్గరికి పడిపోయింది. ఆంపియర్ల వైపు 0.10 దగ్గర ఆగింది. మా బావగారు కొట్టు వదిలి వచ్చి గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ‘పోయిందా?’ అన్నారు.

‘లేదు నాన్నా. ఎక్కడో షార్ట్ ఉంది. కానీ పదోవంతు ఆంపియర్ కన్నా వెళ్లలేదు. ఏమీ కాలదు.’

బోర్డు తిప్పి భూతద్దం పెట్టి వెతికితే, రిలే కాళ్ల మధ్య వెంట్రుకంత సోల్డర్ తీగ. పాత ఎడాప్టరైతే ఈపాటికి పొగ వచ్చేది. దాన్ని బ్లేడుతో గీకి మళ్లీ తగిలించింది. 5 వోల్టులు నిలబడ్డాయి. కరెంటు 0.04. బోర్డు బతికింది! అయితే ట్యాంకు నిండినట్టు తీగల్ని నీళ్లలో ముంచితే రిలే టక్కుమనలేదు. మళ్లీ అందరి ముఖాలూ వాడిపోయాయి. ఆమె మాత్రం వేళ్లమీద లెక్కేసింది. 5 వోల్టుల రిలే చుట్ట 70 ఓములు, అంటే ఇంకో 0.07 ఆంపియర్. 0.04తో కలిస్తే 0.11. హద్దు 0.10 మాత్రమే. స్విచ్చు పెద్ద హద్దుకు వేసింది. టక్!

ప్రాజెక్టు పరీక్ష ఆరు రోజుల తరవాత సజావుగా జరిగిపోయింది. నాకు మాత్రం ఆ వేళ్లమీద లెక్కే గుర్తుండిపోయింది. రెండు బోర్డులు కాలినప్పుడు ‘ఎందుకో కాలిపోయింది’ అన్న పిల్లే, మూడోది మొరాయిస్తే ఎందుకో లెక్కవేసి చెప్పింది. ఈ మధ్యలో జరిగిందల్లా ఒక సందులో నలుగురైదుగురు కొట్ల వాళ్లు ‘ఎన్ని?’ అని అడగడం, ఆమె జవాబు వెతుక్కోవడం.

ఇలాంటి సందులు చాలా ఊళ్లలో ఉన్నాయి. చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్, ముంబైలో లామింగ్టన్ రోడ్. మీ పిల్లలకు ఇలాంటి వాటిమీద సరదా ఉంటే ఓ సెలవు రోజున వెంటబెట్టుకెళ్లండి. చీటీ వాళ్లచేతే రాయించండి. విలువ, వోల్టులు, వాట్లు మూడూ రాయమనండి. ఉదయం కాస్త పెందలాడే వెళ్తే కొట్ల వాళ్లకు మాట్లాడే తీరికుంటుంది. ఓ చిన్న మల్టీమీటరు కూడా తీసుకెళ్తే మంచిది. అన్నిటికన్నా ముఖ్యం... కొట్టాయన ప్రశ్న వేసినప్పుడు జవాబు మీరు చెప్పకండి. పిల్లల్ని చెప్పనివ్వండి.